వెర్షన్ నంబరు మార్చకుండా ఫర్మ్‌వేర్ ఫైలు మార్చేయడం న్యాయమేనా?

బెజవాడ బెంచి:
నాది ల్యాప్‌టాప్ రిపేరు షాపు. ఒక కంపెనీ సైట్లోంచి మొన్న బయోస్ ఫైలు దించాను (బయోస్ అంటే మెషీన్ ఆన్ చెయ్యగానే ముందు నడిచే ఫర్మ్‌వేర్, అంటే హార్డ్‌వేర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్). నెల కిందట దించి పెన్‌డ్రైవ్‌లో దాచిన ఫైలుకీ దీనికీ పేరు ఒకటే, వెర్షన్ నంబరు ఒకటే. షా-256 (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు కాస్త మారినా ఇదీ మారుతుంది) తీసి చూస్తే రెండూ వేరు. పాతది వేసిన మెషీన్లో ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది, కొత్తది వేస్తే తగ్గింది. అంటే తప్పు దిద్దుకున్నారు, బయటికి చెప్పలేదు. నంబరు మారలేదు కాబట్టి వాళ్ల అప్‌డేట్ టూలేమో "మీ బయోస్ తాజాగానే ఉంది" అంటోంది. కస్టమరు వచ్చి నన్ను నిలదీశాడు. ప్రతి మార్పుకీ కొత్త నంబరు ఇవ్వాలి, ఏం మార్చారో రాయాలి, పాత ఫైళ్లు సైట్లో ఉంచాలి. ఈ మూడూ తప్పనిసరి చెయ్యాలంటాను. మీరేమంటారు?

కూకట్‌పల్లి ఐటీ:
నంబరెందుకండీ, తేదీ వేస్తే చాలు. ఏది కొత్తదో ఎవరికైనా తెలుస్తుంది.

రిజిస్టర్లు:
తేదీని నమ్ముకోకండి. విండోస్‌తో పాటు వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్లకు (హార్డ్‌వేర్‌ని విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్‌కు) 21 జూన్ 2006 అని ఉంటుంది. ఇంటెల్ చిప్‌సెట్ ఐఎన్ఎఫ్ ఫైళ్లకైతే (డ్రైవరు వివరాలుండే ఫైళ్లు) 18 జూలై 1968, ఆ కంపెనీ పుట్టిన రోజు. కావాలనే అలా వేశారు. రెండు డ్రైవర్లు సమానంగా సరిపోతే విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్ని తీసుకుంటుంది. తయారీదారు ఇచ్చిన డ్రైవరును సాధారణ డ్రైవరు తోసేయకూడదని తేదీ వెనక్కి జరిపారు.

కూకట్‌పల్లి ఐటీ:
అది వాళ్లు తేదీని వాడిన తీరులో తప్పు. నంబర్లు మాత్రం అర్థమవుతున్నాయా? ఎన్విడియా డ్రైవరు డివైస్ మేనేజరులో 31.0.15.3713, సైట్లో 537.13. చివరి ఐదంకెలు చూసుకోవాలని ఎంతమందికి తెలుసు? తేదీయే నయం.

ఓరుగల్లు ల్యాబ్:
తేదీ గొడవ వదిలేయండి. బెంచి గారు అడిగింది అది కాదు.

రిజిస్టర్లు:
నేను ఫర్మ్‌వేర్ రాసేవాణ్ణి. ఒకే నంబరుతో రెండు ఫైళ్లు పెట్టడం తప్పే, అందులో వాదన లేదు. పాత ఫైళ్ల సంగతి వేరు. పాత వెర్షన్‌లో ఉన్న భద్రతా లోపాన్ని కొత్తదాంట్లో పూడ్చామనుకోండి. వెనక్కి వెళ్లే వీలుంటే దాడి చేసేవాడు ముందు పాతది ఎక్కించి, తర్వాత ఆ లోపంలోంచే దూరతాడు. అందరూ అప్‌డేట్ చేసుకోకముందే లోపాన్ని విడమరిచి రాయడం కూడా వాడికి దారి చూపించడమే.

బెజవాడ బెంచి:
ఫ్యానుకీ భద్రతకీ ఏం సంబంధం? 2019 నవంబరులో సర్వర్లమ్మే హెచ్‌పీఈ ఏం చేసిందో చూడండి. తమ ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు (సర్వర్లలో డేటా దాచే డ్రైవులు) కొన్ని 32,768 గంటలు నడిచాక పోతాయని, డేటా తిరిగి రాదని, హెచ్‌పీడీ8 వెర్షన్ కంటే పాత ఫర్మ్‌వేర్ ఉంటే వెంటనే మార్చుకోమని సూటిగా ప్రకటించింది. ఏ సర్వర్లో ఏ డ్రైవు మార్చాలో దాంతో తేలిపోయింది. లైనక్స్‌లో ఎల్‌వీఎఫ్ఎస్ (తయారీదారులు ఫర్మ్‌వేర్ పెట్టే ఉమ్మడి సైటు) ద్వారా వచ్చే ఫర్మ్‌వేర్‌కి వెర్షన్, వివరణ, చెక్‌సమ్ (షా-256 లాంటి కోడ్) ఉంటాయి. పాత వెర్షన్‌కి వెళ్లే డౌన్‌గ్రేడ్ ఆదేశం కూడా ఉంది. డెల్, లెనోవో తమ ఫర్మ్‌వేర్ అక్కడ పెడుతున్నాయి కదా!

రిజిస్టర్లు:
అక్కడైనా తయారీదారు కనీస వెర్షన్ పెడితే అంతకంటే కిందికి పోలేరు. అది కూడా చెప్పండి మరి.

బెజవాడ బెంచి:
మీరు ఏసీ గదిలో కూర్చుని చెబుతారు, తిట్లు తినేది నేను. ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో బయోస్ అప్‌డేట్ దానంతటదే పడింది. మళ్లీ ఆన్ చేస్తే బిట్‌లాకర్ (డిస్కులో డేటాకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది. కీ ఎక్కడా దాచుకోలేదు. థీసిస్ మొత్తం పోయింది. ఏం వేస్తున్నారో, వేస్తే కీ అడగొచ్చో ముందు ఒక్క లైను చూపించలేదు. నా ముందే ఏడ్చింది ఆ పిల్ల.

కూకట్‌పల్లి ఐటీ:
అయ్యో.

రిజిస్టర్లు:
ఆ అమ్మాయికి జరిగింది అన్యాయమే. ఉన్నమాట చెబుతాను. లోపల ప్రతి మార్పుకీ నంబరుంటుంది, కారణం ఉంటుంది. మేం నోట్స్ వివరంగానే రాసి పంపుతాం. "ఫలానా లోపం వల్ల ఫ్యాను ఆగేది కాదు" అని ఉంటే లీగల్ వాళ్లు కొట్టేస్తారు. లోపం ఒప్పుకున్నట్టవుతుందని, వారంటీ అయిపోయినవాళ్లు కూడా వచ్చి అడుగుతారని భయం. చివరికి మిగిలేది "సిస్టం స్టెబిలిటీ మెరుగుపడింది" అన్న ముక్క.

బెజవాడ బెంచి:
ఇదండీ అసలు సంగతి. అమ్మేశాక మెషీన్ ఎవరిది? డబ్బు పెట్టి కొన్నవాడిదే అంటాను. ఏది వేసుకోవాలో, ఎప్పుడు వెనక్కి వెళ్లాలో వాడే తేల్చుకోవాలి.

రిజిస్టర్లు:
నోట్స్ దాచడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ మెషీన్ పదిమంది వాడే నెట్‌వర్కులో ఉంటే నష్టం కొన్నవాడి ఒక్కడితో ఆగదు. అక్కడ మాత్రం మీతో ఒప్పుకోను.

ఓరుగల్లు ల్యాబ్:
మా కాలేజీ ల్యాబ్‌కి సిస్టమ్స్ కొనడానికి టెండరు తయారవుతోంది. ఇందులో షరతుగా ఏం పెట్టించమంటారు?

బెజవాడ బెంచి:
"ఫైలు మారితే వెర్షన్ నంబరు మారాలి. ప్రతి ఫైలు పక్కనా షా-256 ఇవ్వాలి. వారంటీ ఉన్నన్నాళ్లూ పాత వెర్షన్లు సైట్లో ఉండాలి."

రిజిస్టర్లు:
దానికి ఇంకొకటి కలపండి: "వేశాక వెనక్కి వెళ్లడం కుదరని వెర్షన్ అయితే ఆ మాట వేయకముందే స్క్రీన్ మీద చూపించాలి." ఇది చెయ్యడానికి ఏ కంపెనీకీ కష్టం లేదు.