అమ్మ బాపుకు జర్మనీ విజిటింగ్ వీసా: ఐటీ రిటర్న్స్ లేవు, ఏం కాయితాలు పెట్టాలె?

పరకాల_తమ్ముడు:
అందరికి నమస్తే. మా అక్క బావ స్టుట్‌గార్ట్‌ల ఉంటరు, అక్కకు డెలివరీ ఉన్నది, అమ్మను బాపును తోలియ్యాలె. బాపు సింగరేణిల చేసి భూపాలపల్లిల రిటైర్ అయిండు, పింఛన్ చిన్నది, అమ్మ పేరు మీద పరకాల దగ్గర మూడెకరాలు ఉన్నది, పత్తి, మక్కలు ఏస్తం. ఇద్దరు ఎన్నడు ఐటీ రిటర్న్స్ ఫైల్ చెయ్యలే. హన్మకొండల ఒక కన్సల్టెన్సీల అడిగితే, బాపు అకౌంట్ల ఐదారు లక్షలు మేమే ఏస్తం, కొన్ని రోజులు ఉంచి స్టేట్‌మెంట్ తీసుకుందాం, వడ్డీ ఇయ్యుండ్రి అంటున్నరు. నాకు అస్సలు మనసొప్పుతలేదు. అక్కేమో నాలుగైదు నెలలు ఉంటే మంచిగుండు అంటున్నది, నడుమ పారిస్ గూడ చూపిస్తరట. ఊర్ల నుంచి పెద్దోళ్లను తోలిచ్చినోళ్లు ఉంటే జర చెప్పుండ్రి.

మంకమ్మతోట_అక్క:
తమ్మీ, మాది కరీంనగర్, ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్న, మా అమ్మోళ్లు గూడ వచ్చి పోయిండ్రు. ముందుగాల నాలుగైదు నెలల ముచ్చట ఇడిసిపెట్టుండ్రి. షెంగెన్ (యూరప్‌ల చాన దేశాలకు కలిపి ఇచ్చే ఒకటే వీసా) షార్ట్ స్టే అంటె ఏ 180 రోజులు లెక్కేసినా అందుల 90 రోజులే, దిగిన రోజు, ఎక్కిన రోజు రెండు లెక్కలకొస్తయి. అక్కడికి పోయినంక పొడిగిచ్చుకుందాం అంటె కాదు, ఒంట్లె మరీ బాగలేక దవాఖానల పడుడు అసుంటి కారణం ఉంటెనే చూస్తరు. ఇక్కడ మనోళ్లు చేసేదేందంటె ముందు పిల్ల తల్లిదండ్రులు వస్తరు, వాళ్లు పోయే టైంకు పిలగాని తల్లిదండ్రులు వస్తరు, బాలింతకు, పసిపిల్లకు ఆరు నెలలు తోడున్నట్టయితది. మీ బావ వాళ్ల ఇంట్ల గూడ ఇప్పుడే అడుగుండ్రి.

పారిస్ పోవచ్చు, అదే వీసా 29 దేశాలల్ల నడుస్తది, స్విట్జర్లాండ్ గూడ అందులదే. లండన్ మాత్రం కాదు, దానికి యూకే వీసా వేరే. ఎక్కువ రోజులు జర్మనీలనే ఉంటరు కాబట్టి అప్లికేషన్ జర్మనీకే పెట్టాలె, వేరే దేశం అపాయింట్‌మెంట్ తొందరగ దొరుకుతున్నదని అటు పెట్టకుండ్రి.

అసలు పని మీ అక్క దగ్గర ఉన్నది. ఉత్త ఇన్విటేషన్ లెటర్ కాకుండ ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అని ఒక కాయితం ఉంటది, వీళ్ల ఖర్చులన్ని నేనే భరిస్త అని అక్కనో బావనో వాళ్ల ఊర్ల ఫారినర్స్ ఆఫీసుకు పోయి, జీతం స్లిప్పులు, ఇంటి అగ్రిమెంట్ చూపిచ్చి సంతకం పెట్టాలె, ఫీజు 29 యూరోలు. ఒరిజినల్ ఇండియాకు పంపాలె, ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలల్ల వాడాలె. అక్కడ అపాయింట్‌మెంట్ దొరకాల్నంటె చాన రోజులు పడుతది, అందుకే రేపే అడగమను. అది ఉంటె మీ బాపు అకౌంట్ల లక్షలు లేకపోయినా నడుస్తది. మరి ఆ వడ్డీ పైసలు ఎందుకు?

నయీంనగర్_పెద్దాయన:
పై అమ్మ చెప్పింది నిజం, కాని ఆ ఒక్క కాయితంతోని వీసా వస్తదని అనుకోకు బాబు. ఖర్చు ఎవరు పెడుతరన్నది ఒక ముచ్చట, మీ అమ్మ బాపు మళ్ల తిరిగొస్తరా అన్నది ఇంకో ముచ్చట. చాన రిజెక్షన్లు రెండోదాని మీదనే వస్తయి. ఆఫీసర్‌కు పరకాల ఎక్కడున్నదో, మీ ఇల్లెట్లుంటదో తెల్వదు, ఆయన ముంగట ఉండేది కాయితాలే.

గందుకే మీకు ఉన్నదే మంచిగ చూపియ్యుండ్రి. అమ్మ పేరు మీది పట్టాదార్ పాస్‌బుక్, దానికి ఇంగ్లీషు అనువాదం. బాపు పింఛన్ ఆర్డర్, పింఛన్ పడ్తున్న అకౌంట్ స్టేట్‌మెంట్ బ్యాంకు ముద్రతోని. రిటర్న్స్ లేవని బుగులు పడకు, ఎవుసం ఆదాయానికి మన దేశంల ఇన్‌కం ట్యాక్స్ లేదు, ఆ మాటే కవరింగ్ లెటర్‌ల రాయి. పత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అమ్ముతె తక్‌పట్టీలు (అమ్మిన రశీదులు) ఉంటయి గదా, అవి పారెయ్యకుండ పెట్టు. పత్తి పైసలు ఒక్కసారి పెద్ద మొత్తం పడ్డదనుకో, తక్‌పట్టీ తేదీ, స్టేట్‌మెంట్ తేదీ కలుస్తయి, ఇగ అడిగేటందుకు ఏముంటది? అదే కన్సల్టెన్సీ వాళ్లు ఏసిన ఐదు లక్షలకు ఏం చెప్తవు? అప్పటిదాక వేలల్ల నడిచిన అకౌంట్ల అప్లికేషన్‌కు ముందు లక్షలు పడితె ఎవరికైనా అనుమానమే. పెద్ద మనుషులు జిందగి అంత కష్టపడి నిజాయితీగ బతికిండ్రు, వాళ్ల పేరు మీద అబద్ధం కాయితం పెట్టుడు ఎంత అన్యాయం!

కవరింగ్ లెటర్ ఒక పేజీ సాలు. బిడ్డ కాన్పుకు పోతున్నం, ఫలానా తేదీకి వస్తం, కొడుకు ఇంటికాడ ఉన్నడు, వానకాలం పంటకు మేం ఉండాలె అని ఉన్నదున్నట్టు రాయి. వచ్చే తేదీ పంటకు కలిసేటట్టు చూడు.

ఖాజీపేట_జంక్షన్:
నేను మా అత్తమ్మ అప్లికేషన్ చూసుకున్న, కొన్ని కలుపుత. వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, వీఎఫ్ఎస్ (కాన్సులేట్ తరఫున కాయితాలు తీసుకునే కంపెనీ) సర్వీస్ ఛార్జ్ వేరే. లౌంజ్, ఎస్సెమ్మెస్ అసుంటివి మన ఇష్టం, తీసుకుంటె వీసా వస్తదని కాదు, వాళ్లు కాయితాలు తీసుకుంటరు అంతే, నిర్ణయం కాన్సులేట్‌ది. పోయే తేదీకి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 15 రోజులల్ల చెప్పాలె కాని 45 దాక పోవచ్చు, గందుకే ఆఖరికి పెట్టుకోకుండ్రి.

పాస్‌పోర్ట్ పదేండ్ల లోపు ఇచ్చిందయి ఉండాలె, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలన్న ఉండాలె, రెండు ఖాళీ పేజీలు ఉండాలె. అమ్మది, బాపుది ఇంటిపేర్లు వేరేగ ఉంటె మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టు. మీ అక్క వాళ్ల బిడ్డే అని చూపెట్టాల్నంటె బర్త్ సర్టిఫికెట్, లేకుంటె అక్క పాస్‌పోర్ట్ ఆఖరి పేజీల తల్లిదండ్రుల పేర్లు ఉంటయి, ఆ జిరాక్స్.

ఇన్సూరెన్స్ గురించి గట్టిగ చెప్త. రూల్ ప్రకారం 30,000 యూరోల కవర్ ఉండాలె, షెంగెన్ మొత్తం, ఉండే రోజులన్నిటికి. కాని తక్కువ ధర పాలసీలల్ల పాత బీపీ, షుగర్ రోగాలకు కవర్ ఉండకపోవచ్చు. జర్మనీల దవాఖాన బిల్లు మామూలుగ ఉండది, అది మీ అక్క మీదనే పడుతది, ఆమె సంతకం పెట్టింది గదా. పాలసీ మొత్తం సదివినంకనే కొను. మందులు మొత్తం రోజులకు సరిపోయేటట్టు, డాక్టర్ చీటీ ఇంగ్లీషుల రాయించుకొని పంపు.

పరకాల_తమ్ముడు:
అందరికి మస్తు థ్యాంక్స్. కన్సల్టెన్సీకి వద్దని చెప్పిన, అక్క ఆ ఆఫీసుకు ఈరోజే మెయిల్ పెట్టింది. ఇంకొక్క డౌట్, బాపుకు బొగ్గు బాయిల పనిచేసి వేలిముద్రలు అరిగిపోయినయి, ఆధార్‌కే పడయి. మరి హైదరాబాద్‌ల వీసాకు వేలిముద్రలు ఇయ్యాల్నంటె ఎట్ల?

మంకమ్మతోట_అక్క:
బుగులు పడకు తమ్మీ, పది వేళ్లు పడకుంటె పడ్డన్నే తీసుకుంటరు. చేతులు శుభ్రంగ కడిగి, పొడిగ తుడిచి, జర మెల్లగ ఒత్తుమని బాపుకు ముందే చెప్పు. ఇద్దరు స్వయంగా పోవాలె, నువ్వు పోతె నడవది. పొద్దుగాల స్లాట్ దొరికితె ముందురోజే సికింద్రాబాద్ పోయి చుట్టాల ఇంట్ల పండుమను, రైలు లేటయితె ఆ స్లాట్ పోతది. ఇంకోటి, ఇక్కడ దిగినంక గూడ ఫొటో తీసుకుంటున్నరు, వీసాకు ఇచ్చిన వేలిముద్రలతోని సరిచూస్తున్నరు, 2025 అక్టోబర్ నుంచి కొత్త సిస్టం మొదలైంది, వచ్చిన రోజు, పోయిన రోజు కంప్యూటర్లనే ఎక్కుతది. బాపుకు అది గూడ చెప్పిపెట్టు, లైన్ల కంగారు పడకుంట ఉంటడు.