మెడ పట్టేస్తే డ్రై నీడ్లింగ్: చేయించుకున్నవాళ్ళు చెప్పండి

మాదాపూర్_మెడనొప్పి:
రోజంతా ల్యాప్‌టాప్ ముందే. కుడివైపు మెడా భుజమూ కలిసేచోట కండ బిగుసుకుపోయి చేతికి ముడిలా తగులుతోంది. అక్కడ నొక్కితే నొప్పి చెవి వెనక నుంచి కణత దాకా పాకుతుంది. బామ్ అయింది, కాపడం అయింది, మా అత్తయ్య మాట కాదనలేక వావిలాకు నీళ్ళూ అయ్యాయి. ఎక్స్‌రేలో ఏం లేదన్నారు. ఇప్పుడు ఫిజియో గారు డ్రై నీడ్లింగ్, అంటే బిగుసుకున్న కండలోకి మందు లేని సన్నటి సూది గుచ్చడం, అంటున్నారు. సూది పేరెత్తితేనే నాకు చెమటలు. చేయించుకున్నవాళ్ళు దాచకుండా చెప్పండి.

పరుగుపిచ్చోడు:
నేను పిక్కలకు చేయించుకున్నా బ్రో. ఆగస్టు మారథాన్ కోసం ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ ప్రాక్టీసు, మన హైదరాబాద్‌లో పరుగంటే అదేగా. సూది గుచ్చడం దాదాపు తెలీదు. పావు మిల్లీమీటరు మందం ఉంటుందేమో, లోపల మందూ గిందూ ఏమీ ఉండదు. గుచ్చాక దాన్ని పైకీ కిందికీ ఆడిస్తారు చూడు, అప్పుడుంటుంది. సరైన చోట తగిలితే కండ దానంతటదే ఠక్కున ఎగురుతుంది, గాలానికి చేప తన్నుకున్నట్టు. నాకు నొప్పి కంటే కంగారే ఎక్కువేసింది. ఫిజియో మాత్రం "ఆఁ, దొరికింది" అని సంబరపడిపోయాడు. ఆ సాయంత్రం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే చుక్కలు కనిపించాయి. మర్నాడు కూడా అంతే. అది తగ్గాక మాత్రం పిక్క నిజంగానే వదులైంది.

అమీర్‌పేట_అక్క:
ఇది ఆక్యుపంక్చరే కదా బాబూ? పేరు మార్చి రేటు పెంచారంటారు మావారు.

ఉప్పల్_ఫిజియో:
సూది ఒకటేనండీ, లెక్క వేరు. ఆక్యుపంక్చర్ చైనా సంప్రదాయ వైద్యం, శక్తి నడిచే దారులని వాళ్ళ పటం వాళ్ళకుంది. ఇది కండరాల అనాటమీ చూసుకుని చేసేది. దీనికి పునాది వేసింది అమెరికా డాక్టర్ జానెట్ ట్రావెల్, కెనడీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయనకు వైద్యం చేసినావిడ. బిగుసుకున్న కండలో ట్రిగ్గర్ పాయింట్ (నొక్కితే నొప్పి పాకే ముడి) ఎక్కడుంటే నొప్పి ఎటు పాకుతుందో డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో పుస్తకంగా వేశారు. అప్పట్లో ఆ పాయింట్లలోకి మత్తుమందు ఎక్కించేవారు. మందు లేకుండా ఉత్త సూది గుచ్చినా నొప్పి తగ్గుతోందని చెక్ డాక్టర్ కారెల్ లెవిట్ 1979లో రాశారు.

మాదాపూర్ గారూ, చెవి వెనక నుంచి కణత దాకా పాకే నొప్పి చాలాసార్లు ట్రెపీజియస్ అనే మెడా భుజాల కండరం పైభాగానిదే. చూడకుండా ఖాయంగా చెప్పలేను. చేతిలోకి తిమ్మిరి, పట్టు తగ్గడం లాంటివుంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి, సూది సంగతి తర్వాత.

నాలుగోసారి_నమ్మను:
నా అనుభవం వేరు. నడుముకి చేయించుకున్నా. బల్ల మీంచి లేవగానే హాయి, వారం తిరక్కుండా మళ్ళీ మామూలే. పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బులు ముందే కట్టించుకున్నారు, ఒక్క వ్యాయామం నేర్పిన పాపాన పోలేదు. అడిగితే "ముందు సూదులు పూర్తి కానివ్వండి సార్" అన్నారు. ఏ సెంటరో ఇక్కడ రాయను, రాసి లాభం లేదు.

ఉప్పల్_ఫిజియో:
మీ కోపం న్యాయమే సార్. ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో కనిపించేది కొన్నాళ్ళ ఉపశమనమే, ఎక్కువకాలం నిలుస్తుందనడానికి ఆధారాలు బలంగా లేవు. కండ వదులైన ఆ కాస్త వ్యవధిలో సాగదీయడం, బలం పెంచడం మొదలుపెట్టాలి. వ్యాయామం చెప్పకుండా సూదులే అమ్మేచోట నేనైతే డబ్బు కట్టను.

అమీర్‌పేట_అక్క:
మా నాన్నగారికి భుజం నొప్పి. స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు. చేయించొచ్చా?

ఉప్పల్_ఫిజియో:
గుండె డాక్టర్‌ని అడక్కుండా వద్దమ్మా. సూది కోసమని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, అది మరీ ప్రమాదం. గర్భిణులూ, సూది చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళూ కూడా ముందే చెప్పాలి. ప్రతిసారీ కొత్త సూది, సీల్ మీ కళ్ళ ముందే విప్పాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకొకటి. భుజం పైభాగంలో కండ కిందే ఊపిరితిత్తి కొస ఉంటుంది. తెలిసినవాళ్ళు కండని రెండు వేళ్ళతో పైకి పట్టుకుని, ఆ పట్టులోనే సూది దింపుతారు. ఎటుపడితే అటు లోతుగా దింపితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అరుదే, కానీ జరిగేదే. చేయించుకున్నాక ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా ఫిజియోకి ఫోన్ చేస్తూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మాదాపూర్_మెడనొప్పి:
చేయించుకున్నానండీ! కూర్చోబెట్టకుండా బోర్లా పడుకోబెట్టారు, కళ్ళు తిరుగుతాయేమోనని. మీరు చెప్పినట్టే కండ పట్టుకుని గుచ్చారు. ఒకచోట భుజం ఎగిరిపడింది, అదే క్షణంలో కణతలో ఆ పాత నొప్పి జివ్వుమంది. ఇప్పుడు తల కుడికి బాగా తిరుగుతోంది గానీ గుచ్చినచోట దెబ్బ తగిలినంత సలుపు. మానిటర్ ఎత్తు పెంచమన్నారు, ప్రస్తుతానికి తెలుగు నిఘంటువు పెట్టాను కింద. రాత్రికి వేడినీళ్ళ స్నానం చేయొచ్చా? రేపు బైక్ మీద ఆఫీసుకెళ్ళాలి.

ఉప్పల్_ఫిజియో:
స్నానం చేయొచ్చు, వేడి కాపడమూ పెట్టొచ్చు. సలుపు ఒకటి రెండు రోజులుండటం మామూలే. బైక్ మాత్రం రేపటికి పక్కన పెట్టండి, వెనక్కి చూడ్డానికి మెడ తిప్పలేకపోతే ఆ ట్రాఫిక్‌లో కష్టం.

పరుగుపిచ్చోడు:
మెట్రోలో వెళ్ళు బ్రో. బ్యాగు మాత్రం ఎడం భుజానికి తగిలించుకో.