సమ్మర్‌లో ఆన్‌లైన్ ప్రీకాలిక్యులస్: క్రెడిట్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్తే. మేం డల్లాస్ దగ్గర ఉంటాం, మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. లెవెన్త్‌లోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ తీసుకుంటానని పట్టుబట్టింది. అందుకు ఈ సమ్మర్‌లో దానికి ముందు చదవాల్సిన ప్రీకాలిక్యులస్ ఆన్‌లైన్‌లో పూర్తి చెయ్యాలి. యూనివర్సిటీలు నడిపే ఆన్‌లైన్ స్కూళ్లు యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) హైస్కూల్, టెక్సస్ టెక్ కె-12 రెండూ చూశాం. సెమిస్టర్‌కి అర క్రెడిట్ చొప్పున రెండు కోర్సులు, రెండు ఫైనల్స్.

కౌన్సిలర్‌ని అడిగితే ముందు అప్రూవల్ ఫారం మీద సంతకం చేయించుకోండి, తర్వాతే ఫీజు కట్టండి అన్నారు. గ్రేడ్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో పడుతుంది గానీ క్లాసు ర్యాంకు లెక్కలో కలపరట. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాసు ర్యాంకులో టాప్ 5 శాతానికి దిగిన రోజుల్లో ఇది మంచికో చెడుకో తేలడం లేదు. మా ఆయనేమో "కోర్సెందుకు, క్రెడిట్ బై ఎగ్జామ్ (పరీక్ష ఒక్కటే రాసి క్రెడిట్ తెచ్చుకోవడం) రాసేస్తే పోలా" అంటారు. క్లాసు వినకుండా 80 శాతం తెచ్చుకోవాలి, అదేమన్నా మాటలా!

చేసినవాళ్లు కాస్త చెప్పండి. ఫైనల్ రాశాక మార్కులు స్కూలుకి చేరడానికి ఎన్నాళ్లు పట్టింది? ఆగస్టులో షెడ్యూల్ ఖరారయ్యేలోపు వస్తాయా? లెక్క అర్థం కాకపోతే అడగడానికి టీచరు దొరుకుతారా, పిల్లలే తిప్పలు పడాలా? ఇంకోటి, జులైలో గుంటూరు వెళ్తున్నాం. ఫైనల్ అక్కణ్ణుంచి రాయనిస్తారా?