"తొండి లెక్క" అనొచ్చా?

మొన్న నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద కబడ్డీ పంచాయితీ నడుస్తోంది. ఒకతను పవన్ సెహ్రావత్ అభిమాని. 2019లో ఒక్క మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చిన మనిషికి సాటి ఎవరున్నారని అతని వాదన. ఎదురుగా కూర్చున్నవాడు ఏళ్ల తరబడి మన ప్రో కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్‌ను నమ్ముకుని నష్టపోయినవాడు. "39 తెచ్చింది బెంగళూరుకు గదనే. మనోళ్లు 2 కోట్ల 60 లక్షలు పెట్టి అతన్ని కొన్న యేడాది పన్నెండు టీముల్ల మనం పన్నెండోది. గది చెప్పవేం? నువ్వు తొండి లెక్క చెప్తున్నవ్" అన్నాడు.

నా చాయ్ అక్కడే ఆగింది. తొండి ఆట విన్నాను, తొండాట విన్నాను. "తొండి చేస్తున్నవ్", "తొండి పెట్టకు" అనే మాటలు చిన్నప్పుడు రోజుకు పదిసార్లు అన్నాను, అంతకు రెట్టింపు అనిపించుకున్నాను. కానీ తొండి లెక్క? ఆ అభిమాని చెప్పిన అంకె తప్పేం కాదు, 39 అక్షరాలా నిజం. ఆ సీజన్లో టైటాన్స్ అట్టడుగున ఉండటమూ నిజమే. రెండూ నిజాలైతే తొండి ఎక్కడిది? దొంగ లెక్క అనలేదు, కాకి లెక్క అనలేదు, సరిగ్గా తొండి లెక్క అన్నాడు. మీ ఊళ్లలో ఈ మాటను ఆట బయట వాడగా విన్నారా?

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు:
అన్నా, ఇది తొండ నుంచి వచ్చిన మాట. తొండ కంచె మీద కూర్చుని తల ఊపుకుంటూ అవునంటదా కాదంటదా తెల్వనియ్యదు. తొండ ముదిరితే ఊసరవెల్లి అని ఊకెనే అన్నరా?

నా జవాబు:
తమ్మీ, సామెత బాగుంది గానీ ఆధారం కావాలి. మాటలు ఒకేలా వినపడగానే చుట్టరికం కలిపేస్తే ఏనుగు తొండం కూడా ఈ పెళ్లికి వస్తుంది.

దేవరకొండ నుంచి, రిటైర్డ్ పీఈటీ:
పుట్టుక మాట పక్కన పెట్టండి. నేను ముప్పై ఏళ్లు గ్రౌండ్‌లో విన్న వాడుక చెప్తాను.

పిల్లలు "మోసం" అనే మాటను, "తొండి" అనే మాటను ఎప్పుడూ కలిపి వాడరు. గోలీలాటలో ఎవడూ చూడనప్పుడు కాలితో గోలీని జరిపితే వాడు దొంగ. అందరూ చూస్తుండగా, గోలీ తాకిన చప్పుడు వినపడ్డాక కూడా "తాకలే, నేను ఒప్పుకోను" అని నిలబడితే అది తొండి. చిర్రగోనెలో కొలత దగ్గర పంచాయితీ పెట్టినా అంతే. కబడ్డీలో చెయ్యి తగిలిందని డిఫెండర్‌కు తెలుసు, రైడర్‌కు తెలుసు, గీత బయట కూర్చున్న మేకల కాపరికి కూడా తెలుసు. అయినా వాడు లేచి బయటికి పోడు. దొంగతనానికి చీకటి కావాలి, తొండికి నోరు కావాలి.

అందుకే మీ చాయ్ హోటల్ మనిషి మాటను సరిగ్గానే వాడాడు. కాకి లెక్క అంటే లేని అంకె పుట్టించడం. ఉన్న అంకెల్లో తనకు పనికొచ్చే ఒక్కటి పట్టుకుని, మిగతావి అందరికీ తెలిసినా గట్టిగా అరిచి గెలవాలని చూస్తే అది తొండే. రైడర్ పాయింట్లు చెప్పేవాడు, వాటికోసం ఎన్నిసార్లు కూతకు పోయాడో కూడా చెప్పాలి. పదిహేనుసార్లు పోయి పది తెచ్చినవాడూ, ఇరవై అయిదుసార్లు పోయి పది తెచ్చినవాడూ ఒకటి కాదు. ఇద్దరికీ పేపర్లో "సూపర్ టెన్" అనే రాస్తారు.

జడ్చర్ల నుంచి:
మా ఇంట్లో క్యారమ్స్ ఆడినప్పుడు రెడ్ ఎవరేసినా మా ఆవిడదే. దాన్ని తొండి అనడానికి నాకు నోరు లేదు సార్. మరి అది ఏమవుతుంది?

నాగర్‌కర్నూల్ నుంచి ఒక టీచరమ్మ:
పీఈటీ సార్ చెప్పిన గీతను క్రికెట్ మీద గీసి చూశాను.

1981 ఫిబ్రవరి 1, మెల్‌బోర్న్. ఆఖరి బంతికి సిక్సర్ కొడితే న్యూజిలాండ్‌కు టై. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌తో బంతిని నేల మీద దొర్లించాడు. దొర్లే బంతిని సిక్సర్ ఎలా కొడతారు? బ్యాట్స్‌మన్ మెకెక్నీ దాన్ని ఆపేసి, కోపంతో బ్యాట్ విసిరేశాడు. అప్పటి ఆ టోర్నీ నిబంధనల్లో అండర్‌ఆర్మ్ వేయడానికి అడ్డు లేదు. వేసే ముందు అంపైర్‌కు చెప్పి మరీ వేశారు. వేల మంది కళ్ల ముందు జరిగింది. అచ్చమైన తొండి.

ఇక 2018 మార్చి, కేప్‌టౌన్. అదే ఆస్ట్రేలియా. బాన్‌క్రాఫ్ట్ ఉప్పుకాగితం ముక్కతో బంతిని గీకి, కెమెరా పట్టుకోగానే దాన్ని ప్యాంటులో దాచాడు. దాచాడు కాబట్టి ఇది తొండి కాదు, మోసం. ఇక్కడ తొండి అంటే తప్పును చిన్నది చేసినట్టు నాకు అనిపిస్తుంది. తొండి అనే మాటలో కొంచెం నవ్వు ఉంది, పిల్లతనం ఉంది. మోసంలో అవి లేవు.

ఇంకో సంగతి. చాపెల్ విషయంలో తొండి చేసింది ఎవరు? బంతి వేసింది తమ్ముడు, వేయమన్నది అన్న. మనకు తెలుగులో సుఖం ఏమిటంటే "చేశాడు" పక్కనే "చేయించాడు" ఉంది. ట్రెవర్ తొండి చేశాడు, గ్రెగ్ చేయించాడు. ఒక్క "ఇంచు"తో తప్పు ఎవరిదో పంపకం అయిపోయింది. కేప్‌టౌన్ వ్యవహారంలో కోచ్ లీమన్ అలా చేయించలేదని విచారణలో తేలింది. అయినా ఆయన కోచ్ పదవి వదిలేశాడు. చేయలేదు, చేయించలేదు, మరి దేనికి పోయాడు? "చేయనిచ్చాడు" అనుకోవాలేమో. మన క్రియకు ఆ మెట్టు కూడా ఉంది.

నా జవాబు:
మేడం, చేశాడు, చేయించాడు, చేయనిచ్చాడు. కోచ్‌ల మీద జరిగే చర్చ మొత్తం ఈ మూడు మాటల మధ్యే తిరుగుతుంది. దీన్ని నోట్సులో రాసుకున్నాను. జడ్చర్ల అన్నా, మీ ప్రశ్నకు ఈ గుంపులో ఎవరూ జవాబు చెప్పరు, అందరికీ ఇండ్లున్నాయి.

నారాయణపేట నుంచి:
నాది చిన్న పాయింటు. 1947లో సిడ్నీలో వినూ మన్కడ్, బంతి వేయకముందే క్రీజు దాటిన బిల్ బ్రౌన్‌ను రనౌట్ చేశాడు. అప్పటి నుంచి దానికి పాపం మన్కడ్ పేరే తగిలించి తిట్టుపదం చేశారు. క్రికెట్ చట్టాల్లో ఈ అవుట్ "అన్‌ఫెయిర్ ప్లే" అనే 41వ నిబంధన కింద ఉండేది. 2022లో దాన్ని అక్కడి నుంచి తీసి, 38వదైన రనౌట్ నిబంధనలోకి మార్చారు. మన మాటల్లో చెప్పాలంటే తొండి పాఠంలోంచి మామూలు పాఠంలోకి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లోనే లార్డ్స్‌లో దీప్తి శర్మ, చార్లీ డీన్‌ను అలాగే అవుట్ చేస్తే మళ్లీ గోల. నేనైతే ముందే అడుగు బయట పెట్టినవాడిదే తొండి అంటాను. మా ఊళ్లో పిల్లలూ అదే అంటారు, వాళ్లకు చట్టం నంబర్లు తెలియవు.

వనపర్తి నుంచి:
2012 లండన్ ఒలింపిక్స్ ఎవరూ ఎత్తలేదేం? మహిళల డబుల్స్ బ్యాడ్మింటన్‌లో నాలుగు జోడీలు ఓడిపోవడానికి పోటీ పడ్డాయి. చైనా జోడీ ఒకటి, దక్షిణ కొరియావి రెండు, ఇండోనేసియాది ఒకటి. సర్వీసు నేరుగా నెట్‌లోకి కొట్టడం, తేలిక షాట్లు బయటికి కొట్టడం. గ్రూపులో కింద ఉంటే తర్వాతి రౌండులో తేలిక జోడీ వస్తుందని లెక్క. జనం అరిచారు, రిఫరీ వచ్చి హెచ్చరించాడు, అయినా ఆపలేదు. చివరికి ఎనిమిది మందినీ ఆట నుంచి తీసేశారు. వేరే గ్రూపులో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప పాయింట్ల తేడాలో వెనకబడి క్వార్టర్స్‌కు పోలేదు, అది వేరే బాధ.

పీఈటీ సార్ సూత్రం ప్రకారం ఇది బహిరంగం కాబట్టి తొండి అవ్వాలి. కానీ తొండి అంటే గెలవడానికి చేసేది కదా. ఓడిపోవడానికి చేసేదాన్ని తొండి అంటామా?

దేవరకొండ పీఈటీ సార్:
అంటాం. ఈ ఆట ఓడేది వచ్చే ఆట గెలవడానికే. కాకపోతే తప్పు సగం పోటీ పెట్టినవాళ్లది కూడా. అంతకుముందు ఒలింపిక్స్‌లో ఓడితే ఇంటికి పోవాల్సిందే, ఆ ఏడు మొదటిసారి గ్రూపులు పెట్టారు. సందు ఇచ్చాక దూరకుండా ఉంటారా? కబడ్డీలోనూ ఇదే కథ. ముందున్న జట్టు రైడర్‌కు ముప్పై సెకన్లు ఉంటాయి. బాక్ లైన్, అంటే ఎదుటి కోర్టులో రైడర్ తప్పక దాటాల్సిన గీత దాటి, ఎవరికీ దొరక్కుండా అటూ ఇటూ తిరిగి, ఉత్త చేతులతో వచ్చేస్తాడు. మేం ఖాళీ కూత అంటాం. దాన్ని ఎవరూ తొండి అనరు, తెలివి అంటారు. మరీ ఎక్కువైతే జనానికి విసుగొస్తుందనే ప్రో కబడ్డీలో రెండు ఖాళీ కూతల తర్వాత మూడో కూతకు పాయింటు తేవాల్సిందే, లేకపోతే రైడర్ అవుట్ అని పెట్టారు.

ఇంత చెప్పాను కాబట్టి ఒకటి దాచడం బాగుండదు. చాలా ఏళ్ల కింద మండల స్థాయి పోటీ. రెండు నిమిషాలుంది, మేం మూడు పాయింట్ల ముందు. మా డిఫెన్స్‌లో ముగ్గురే మిగిలారు. ఆలౌట్ అయితే ఎదుటివాళ్లకు ఇంకో రెండు పాయింట్లు, అంటే చేతిలో ఉన్న మ్యాచ్ పోతుంది. నేను మా రైడర్‌కు సైగ చేశాను, కాలు పట్టుకుని పడిపొమ్మని. వాడు తొమ్మిదో తరగతి. నా దగ్గరికి వచ్చి మెల్లగా "సార్, తొండి అయితది గదా" అన్నాడు. "చెప్పింది చెయ్" అన్నాను. పడ్డాడు. నీళ్లు, స్ప్రే, మసాజ్. ఎదుటి జట్టు పిల్లల ఊపు పోయింది, మేం గెలిచాం. కప్పు తీసుకునేటప్పుడు అవతలి ఊరి పిల్లలు "తొండి, తొండి" అని అరిచారు. వాణ్ని చూపిస్తూ అరిచారు. వాడి పక్కనే నిలబడ్డ నన్ను ఒక్కడూ అనలేదు.

టీచరమ్మ "చేయించాడు" అని రాసింది చదివి ఇది గుర్తొచ్చింది. తొండి చేసినవాడికి తొండిగాడు అని పేరుంది. చేయించినవాడికి పేరేదీ నేనెప్పుడూ వినలేదు.

నాగర్‌కర్నూల్ టీచరమ్మ:
సార్, ఆ పిల్లవాడు తర్వాత మీతో ఏమైనా అన్నాడా?

దేవరకొండ పీఈటీ సార్:
ఏమీ అనలేదమ్మా. మూడేళ్లు బాగానే ఆడాడు. ఒకసారి నిజంగానే కాలు పట్టేసి పడితే నేను లైన్ దగ్గర నుంచే "లే, లే" అని అరిచాను. తొందరగా లేవలేదు, అప్పుడు పోయాను.

అచ్చంపేట నుంచి:
సార్ చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేదు. నాది ఇంకో వైపు అనుభవం. అండర్-14 జట్టులో నా పేరుండేది. మ్యాచ్ రోజు పొద్దున మా జట్టులోకి మీసమొచ్చిన ఒక మనిషి వచ్చాడు, అతని వయసు కాగితం మీద నాకంటే ఆరు నెలలు తక్కువ. నేను నీళ్ల బాటిళ్లు మోశాను. మా అమ్మ "ఆటలో అరటిపండు అయినవా బిడ్డా" అని నవ్వింది. తొండి, మోసం తేడా చెప్పారు కదా, కాగితం దిద్దింది మోసమే. కానీ ఆ మీసం అందరికీ కనపడుతోంది. రిఫరీకి, ఎదుటి కోచ్‌కు, ఎదుటి జట్టులో ఉన్న ఇంకో మీసానికి కూడా. అందరికీ కనపడే మోసాన్ని ఏమంటారు?

నా జవాబు:
దీనికి పీఈటీ సార్ గీత సరిపోదు. చీకట్లో మొదలై వెలుతురులో ఆడిన ఆట ఇది. నేను దాన్ని మోసమే అంటాను. రెండు జట్లూ చేశాయి కాబట్టి "చెల్లుకు చెల్లు" అనుకుని ఉంటారు, అది తొండి కంటే పాడు మాట.

"ఆటలో అరటిపండు" గురించి మాత్రం చిన్న సవరణ. ఆ మాట అసలు ఆడే ఈడు లేని బుడ్డోళ్ల కోసం. అవుట్ అయినా అవుట్ లెక్క కాదు, ఏడవకుండా తిప్పుకుంటారు. అది ప్రేమతో ఇచ్చే చోటు. ఆడగలిగినవాడిని కూర్చోబెడితే అరటిపండు కాదు. మీ అమ్మగారు మిమ్మల్ని ఓదార్చడానికి అన్నట్టుంది.

మిర్యాలగూడ తమ్ముడు:
మరి తొండి లెక్క పాస్ అయినట్టేనా అన్నా?

నా జవాబు:
పాస్. నా చీటీ మీద ఇలా రాసుకున్నాను: "తొండి లెక్క: అంకె నిజం, ఎంపిక వంకర, చెప్పే గొంతు పెద్దది." నిన్న మళ్లీ ఆ హోటల్‌కు పోయాను. టైటాన్స్ అభిమాని ఒక్కడే ఉన్నాడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగితే, వాళ్ల నాయన నూనె మిల్లు దగ్గర పల్లికాయ తూకం చూసి అనేవాడట, "కాంటా మంచిగనే ఉంది, లెక్కనే తొండి" అని. అంటే ఆట బయట అంగడిలోనూ ఉందన్నమాట. గద్వాల, కల్వకుర్తి వైపు మార్కెట్ యార్డుల్లో ఎవరైనా ఇలా విన్నారా? విన్న వాక్యం ఉన్నదున్నట్టు రాయండి, దిద్దకండి.