జన్నాలవాడా, జొన్నలవాడా?

పెన్నగట్టు:
అందరికీ నమస్కారం. వైశాఖంలో నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డునున్న జొన్నవాడ కామాక్షితాయి గుడి బ్రహ్మోత్సవాలకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఒక పాట ముక్క నన్ను వదలడం లేదు. మా అవ్వ పొద్దున్నే కల్లాపి చల్లుతూ పాడుకునేది.

"పెన్నమ్మ గట్టున, జన్నాలవాడలో..."

తర్వాత 'కన్నతల్లి' అని ఏదో వస్తుంది. అంతే గుర్తుంది. నా సందేహమంతా రెండో ముక్క మీదే. అవ్వ అన్నది జన్నాలవాడా, జొన్నలవాడా? మా ఇళ్లల్లో ఎవరిని అడిగినా 'జొన్నాడ' అంటారు. గుడిలో చెప్పే కథ ప్రకారం అది కశ్యపుడి యజ్ఞవాటిక. అవ్వకు చదువు రాదు. పుస్తకం చూసి నేర్చుకున్న పాట కాదది. ఆమె నోట ఏ మాట ఉండి ఉంటుందో తేలిస్తే నాకు మనసు కుదుటపడుతుంది.

బుచ్చి మాస్టారు:
అమ్మా, సందేహం అక్కర్లేదు. జన్నాలవాడే. మాటకు మాటే సాక్ష్యం. యాత్ర జాతర అయింది, యోగి జోగి అయ్యాడు, యముడు జముడయ్యాడు. విజ్ఞాపనం విన్నపమైంది, సంజ్ఞ సన్న అయింది. అదే దారిలో యజ్ఞం జన్నం. వాటిక వాడ. యజ్ఞవాటిక నుంచి జన్నవాడకు రావడానికి ఒక్క మెట్టు కూడా ఎగరాల్సిన పని లేదు. కవిత్రయ భారతంలో జన్నం మాట ఎన్నిసార్లు వస్తుందో చదివినవాళ్లకు తెలుసు. తర్వాత కాలంలో జన్నం నోళ్లలోంచి పోయింది. జొన్న మాత్రం పొయ్యి మీద సంకటిగా రోజూ ఉడికింది. తెలియని మాట తెలిసిన మాటలోకి ఒదిగిపోయింది.

నిఘంటుప్రియ:
మాస్టారూ, జన్నం వరకూ మీతోనే ఉన్నాను. జన్న జొన్నగా ఎలా మారిందన్న చోట ఆగిపోతున్నాను. అకారం ఒకారం కావాలంటే పక్కన పెదవులతో పలికే అక్షరం ఏదో ఒకటి ఒత్తిడి చెయ్యాలి. ఇక్కడ జ తర్వాత ఉన్నది న్న. పెదవులు కదలవు. జంధ్యాన్ని జన్నిదం అంటారు, అది ఎక్కడా జొన్నిదం కాలేదు. దేవుడికి విడిచిన కోడెను జన్నె అంటారు, దాన్ని జొన్నె అన్నవాళ్లు లేరు. ఒక్క ఊరి పేరులోనే ఎందుకు మారాలి? నా మట్టుకు జొన్నవాడే పాతది. యజ్ఞవాటిక పండితులు తర్వాత తొడిగిన పట్టువస్త్రం.

బుచ్చి మాస్టారు:
పట్టువస్త్రం అని తేలిగ్గా తీసెయ్యకండి. అక్కడ కథ ఒక్క గుడిది కాదు. కశ్యపుడు మూడు అగ్నుల్ని మూడు చోట్ల నిలిపాడని చెబుతారు. నరసింహకొండ వేదగిరి ఒకటి, నెల్లూరు తల్పగిరి రంగనాథుడి చోటు ఒకటి, జొన్నవాడ ఒకటి. జొన్నవాడ గుండంలోంచి మల్లికార్జునుడు వెలిశాడు, ఆయన కోసం అమ్మవారు కామాక్షిగా వచ్చింది. అమ్మవారి ఉగ్రం తగ్గడానికి శంకరాచార్యులు శ్రీచక్రం ప్రతిష్ఠించారు. పెన్నకు ఆవల కొండ, ఈవల గుడి, దిగువన రంగనాథుడు. మూడు క్షేత్రాలను కలిపి కట్టిన కథ పేరు కోసం పుట్టిందంటే నేను నమ్మలేను. కథే ముందు, పేరు తర్వాత.

కందుకూరు వాసి:
మా ఊరికీ ఇదే తగవు. స్కందపురి కందుకూరు అయిందని పెద్దలు చెబుతారు. కంది పండే ఊరని రైతులు అంటారు. రెండూ నమ్మదగ్గట్టే వినిపిస్తాయి. పక్కనే ఉలవపాడు ఉంది. దానికి మాత్రం ఏ దేవుడి పేరూ తగిలించలేదు, ఉలవలు ఉలవలుగానే ఉన్నాయి. పంట పేరుతో ఊళ్లు ఉండటం మా సీమలో వింత కాదని చెప్పడానికే ఈ మాట. నిఘంటుప్రియ గారి వైపు నా ఓటు.

మూలాపేట:
నెల్లూరు పేరునే చూడండి. ఉసిరి చెట్టు కింద శివలింగం ఉందని కలలో కనబడితే ముక్కంటిరెడ్డి మూలస్థానేశ్వరుడికి గుడి కట్టించాడని మా కథ. ఉసిరిని నెల్లి అంటారు కాబట్టి నెల్లి ఊరు. వడ్లను నెల్లు అంటారు కాబట్టి నెల్లు ఊరు అని ఇంకో మాట. మొలగొలుకుల వడ్లు పండిన నేల కదా, అదీ నప్పుతుంది. సంధిలో చివరి అచ్చు పోయాక ఇద్దరికీ మిగిలేది నెల్లూరే. ఆ పోయిన 'ఇ', 'ఉ'లను ఎవరు వెనక్కి తెస్తారు?

కానీ జొన్నవాడ సంగతి వేరు. అక్కడ అచ్చు పోలేదు, కళ్ల ముందే ఉంది. మీరంతా మొదటి అక్షరం మీద పడ్డారు. రెండో అక్షరం చూడండి! జొన్న బహువచనం జొన్నలు. 'న్న' హ్రస్వం. జన్నం బహువచనం జన్నాలు. 'న్నా' దీర్ఘం. పెన్నగట్టు గారు రాసింది 'జన్నాలవాడ' అని. అవ్వ నిజంగా 'న్నా' అని సాగదీసి ఉంటే అది జన్నాలే. జొన్నాల అని ఎవరూ అనరు. ప్రాస ఎలాగూ సాయం రాదు. పెన్న, జన్న, జొన్న, కన్న అన్నిటికీ న్న ఒకటే. మొత్తం తగవు ఆ ఒక్క దీర్ఘం మీద ఆగింది.

పెన్నగట్టు:
మూలాపేట గారూ, ఇది చదివి ఒళ్లు గగుర్పొడిచింది. నా చెవిలో అయితే దీర్ఘమే ఉంది.

నిఘంటుప్రియ:
చాలా మంచి పట్టు పట్టారు, ఒప్పుకుంటున్నాను. అయినా రెండు అడ్డంకులు. పాటలో దీర్ఘం రాగం కోసం కూడా వస్తుంది. జోలపాటలు వినండి, హ్రస్వాలన్నీ ఊయలతో పాటు సాగుతాయి. రెండోది ఇంకా గట్టిది. ఊళ్లో పలుకుబడి 'జొన్నాడ'. వకారం జారిపోయి 'న్న' మీద దీర్ఘం వచ్చింది. రోజూ జొన్నాడ అనే నోరు పాటలోకి వచ్చేసరికి ఆ దీర్ఘాన్ని వెంట తెచ్చుకుని 'జొన్నాల' అని ఉండొచ్చు. కాబట్టి దీర్ఘం ఉన్నంత మాత్రాన జన్నం గెలవదు.

బుచ్చి మాస్టారు:
ఇంకో మాట. జ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తెలుగు మాటల్లో అ, ఒ లతో కూడిన జకారం దంత్యమని, అంటే నాలుక పళ్లకు తగిలి పలుకుతుందని చిన్నయసూరి సూత్రం. జన్నంలోనూ జొన్నలోనూ నాలుక చోటు మారదు. పెదవులు కాస్త గుండ్రంగా చుడితే జొన్న, విప్పితే జన్న. పళ్లు ఊడిన అవ్వ నోట ఈ రెండింటికీ తేడా ఎంత? పిల్లగా విన్నప్పుడు చెవి ఏది పట్టుకుంటే అదే మిగులుతుంది.

దీనికి తిక్కనగారి కథ కంటే మంచి ఉదాహరణ లేదు. ఆయన భారతం చెబుతుంటే గురునాథుడు రాస్తున్నాడు. మధ్యలో ఆగకూడదని ఒప్పందం. శల్యపర్వంలో దుర్యోధనుడు యుద్ధభూమి వదిలి వెళ్లే చోట కవికి మాట తోచలేదు. 'ఏమి సెప్పుదుం గురునాథా' అని లేఖకుడి వైపు తిరిగి అన్నారు. గురునాథుడు రాసేశాడు. చూస్తే పద్యం పూర్తయి ఉంది! సంజయుడు ధృతరాష్ట్రుడితో 'ఏం చెప్పను, కురునాథా' అంటున్నట్టు కుదిరిపోయింది. చెప్పుదున్ + కురునాథా. ద్రుతం, అంటే ఆ చివరి 'న్' మీద పరుషానికి సరళం వచ్చి కు కాస్తా గు అయింది. ఒకే అక్షరంలో లేఖకుడూ ఉన్నాడు, కౌరవ రాజూ ఉన్నాడు. ఎవరి పేరు విన్నారన్నది వినేవాడి మనసులో ఉంది.

అద్దంకి గాలి:
మాస్టారూ, ఆ కథ విన్న ప్రతిసారీ నాకు గణాలు లెక్కపెట్టాలనిపిస్తుంది. 'దొలఁగి చనియె నేమి సెప్పుదుం గురునాథా'. కందం చివరి పాదం. 'దొలఁగిచ' నల, 'నియెనే' స, 'మిసెప్పు' జ, 'దుంగురు' భ, 'నాథా' గగ. జగణమో నలమో ఉండాల్సిన ఆరో చోట జగణం కచ్చితంగా పడింది. దొకు దుం యతి. నోరు జారిన మాటకు ఇంత కొలత ఎక్కడిది? కథ అందమైనదే. పద్యం మాత్రం తెలిసి రాసిన చెయ్యి చేసిన పని. పని తెలిసినవాడి నిట్టూర్పు కూడా ఛందస్సులోనే వస్తుందంటే అది వేరే మాట, దానికి నేనూ ఒప్పుకుంటాను.

తిక్కన వచ్చారు కాబట్టి మా ఎఱ్ఱనను వదలలేను. ఆయన పేరుతో ముడిపడిన చదలవాడలోనూ వాడ ఉంది. రఘునాయకస్వామి గుడి ఉన్న ఊరు. చదలు అంటే పాత తెలుగులో ఆకాశం. చెదలు అంటే పురుగు. ఎవరికి ఏది ఇష్టమో వాళ్లు చెప్పుకుంటారు. ఆకాశవాడ అనుకుంటే నాకు సంతోషం. అరణ్యపర్వ శేషం నన్నయ పేరనే రాజరాజుకు అంకితం చేసిన మనిషి ఉన్న ఊరికి అంతకంటే మంచి పేరు ఏముంటుంది?

కందుకూరు వాసి:
చదలు మీద ఇంకో చర్చ తెరవండి, అందరం వస్తాం. ఇక్కడ నాదో కొత్త ఆలోచన. కర్నూలు వైపు జొన్నగిరి ఉంది. ఎర్రగుడి అశోక శాసనాలు ఆ పక్కనే. అదే పాత సువర్ణగిరి అంటారు. అంటే సువర్ణంలోంచి జొన్న వచ్చింది. మన జొన్న కూడా బంగారం ఎందుకు కాకూడదు? అమ్మవారు కొలువున్న బంగారువాడ.

నిఘంటుప్రియ:
జొన్నగిరిని గుర్తుచేసినందుకు సంతోషం. ఇది నా వాదానికి కొంచెం ఇబ్బందే. సువర్ణం జొన్న కాగలిగితే జన్నం కూడా కాగలదని మాస్టారు అంటారు. కానీ సువర్ణంలో 'సు' పక్కన వకారం ఉంది. పెదవులు అక్కడే గుండ్రమయ్యాయి. యజ్ఞంలో ఆ అవకాశం లేదు. బంగారువాడకు మాత్రం ఒప్పుకోలేను. అక్కడ చెప్పే కథలో బంగారం ఊసే లేదు.

సూళ్లూరుపేట:
ఆలస్యంగా వచ్చాను. జొన్నవాడ అనగానే నాకు గుర్తొచ్చేది కొడిముద్ద. ధ్వజారోహణం రోజు పిల్లలు లేని ఆడవాళ్లు కొంగు పట్టి ఆ ముద్ద అందుకుంటారు. మా చిన్నమ్మ పెన్నలో మునిగి, తడి చీరతో, తోపులాటలో నిలబడి అందుకుంది. ఆ కళ్లు నేను మరచిపోలేను. అక్కడ చాలామంది కొడి అంటే కొడుకు అనుకుంటారు. మాకు తమిళం పక్కనే కాబట్టి వెంటనే తెలుస్తుంది. కొడి అంటే జెండా. ధ్వజస్తంభాన్ని కొడిమరం అంటారు. జెండా ఎక్కే వేళ పెట్టే ముద్ద కొడిముద్ద. కామాక్షితాయిలో తాయి కూడా అటు మాటే. ఆ గుడి నిండా ఇలాంటి మాటలే ఉంటే, ఊరి పేరుకు ఒక్క సంస్కృతం దారే ఎందుకు వెతుకుతున్నారు?

పెన్నగట్టు:
కొడిముద్ద గురించి ఇన్నాళ్లూ నేనూ కొడుకు అనే అనుకున్నానండీ. అవ్వ అక్కడ నిద్ర చేసి వచ్చాకే మా నాన్న పుట్టాడని చెప్పేది. 'జొన్నాడలో నిద్ర చేశా' అనేది, 'పడుకున్నా' అనేది కాదు.

బుచ్చి మాస్టారు:
నిద్ర చెయ్యడం మన వైపు గుడి మాట. ఇంట్లో నిద్ర పోతాం, అమ్మవారి దగ్గర నిద్ర చేస్తాం.

తిక్కన సోమయాజి చేసిన యజ్ఞం కూడా ఇక్కడే అయి ఉంటుందని, అందుకే జన్నవాడ అయిందని నాకు చిన్నప్పటి నుంచి ఒక ఆశ.

అద్దంకి గాలి:
ఆశకు దండం పెడతాను మాస్టారూ, కానీ అంగీకరించలేను. గుడి కథ కశ్యపుడిది, తిక్కనది కాదు. ఆయనను ఆ నది మీద వెతకాలంటే వేరే దారి ఉంది. విరాటపర్వం మొదట్లో ముందు తండ్రి కొమ్మన కలలో కనబడతాడు, ఆ వెంట శివుడూ విష్ణువూ ఒక్కటైన హరిహరనాథుడే వస్తాడు. 'కిమస్థిమాలాం కిము కౌస్తుభం వా' అన్న శ్లోకం అక్కడిదే. ఎముకల దండ ఇష్టమా, కౌస్తుభమా, కాలకూటమా, యశోద పాలా అని దేవుణ్ణే అడిగిన కవి. పెన్న ఎగువన మల్లికార్జునుడు, దిగువన రంగనాథుడు. ఒకే నీళ్లు ఇద్దరి కాళ్లూ కడుగుతాయి. రంగనాథుడి ఏడంతస్తుల గాలిగోపురం కింద నిలబడి ఎగువకు చూసినప్పుడల్లా నాకు 'శ్రీయన గౌరి నాఁ బరగు చెల్వకు' నోటికి వస్తుంది. శ్రీ అన్నా గౌరి అన్నా ఆ చెలువ ఒకతే అన్న కవికి ఈ నదే కళ్ల ముందు ఉండేది.

మూలాపేట:
అద్భుతంగా చెప్పారు. అయినా మనం 'న్నా' దగ్గర ఆగాం. శాసనాలు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి గార్లు అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడున్నాయి. లైబ్రరీకి వెళ్లే వీలున్నవాళ్లు ఊరి పేరు ఎలా చెక్కారో చూసి ఫొటో పెట్టండి.

నిఘంటుప్రియ:
నేను వెళ్తాను. శాసనంలో జొన్న అనే ఉంటే మాస్టారు కోప్పడకూడదు.

బుచ్చి మాస్టారు:
రాయి మీద ఏది ఉంటే దానికి తల వంచుతాను. ఈ అమ్మాయి అవ్వ నోట ఏముందన్నది మాత్రం శాసనం చెప్పదు.

పెన్నగట్టు:
ఇవన్నీ చదివి ఉండబట్టలేక కోవూరులో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. అత్తకు ఎనభై రెండేళ్లు. పాట ఎత్తుకోగానే పూర్తిగా పాడేసింది. నాకు ఏడుపు వచ్చింది. ఇదిగో విన్నది విన్నట్టు:

"పెన్నమ్మ గట్టున, జన్నెలవాడలో, కన్నతల్లి మా కామాక్షితాయి"

జన్నాల కాదు, జొన్నల కాదు. జన్నెల! రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ 'న్నె' అనే అంది.

నిఘంటుప్రియ:
ఇది నేను ఊహించలేదు. జన్నె అంటే జన్నియ. మొక్కుకుని దేవుడి పేర విడిచిన దూడ. యజ్ఞీయ నుంచి వచ్చిన మాట.

బుచ్చి మాస్టారు:
అంటే యజ్ఞమే! తల్లి వేరు దొరికింది.

నిఘంటుప్రియ:
తొందరపడకండి మాస్టారూ. 'జన్నెల'లో 'న్నె' హ్రస్వం. నడక చూస్తే అచ్చంగా 'జొన్నల'. మొదటి అక్షరం మీ వైపు, రెండో అక్షరం నా వైపు. అత్త విన్న పాటలో జొన్నలే ఉండి, మొక్కులు మొక్కే గుడి కాబట్టి జన్నెలుగా మార్చుకుని ఉండొచ్చు.

మూలాపేట:
లేదా జన్నెలు విడిచే వాడ కాబట్టే మొదటి నుంచీ జన్నెలవాడ అయి ఉండొచ్చు. మూడో దారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బుచ్చి మాస్టారు:
అమ్మా, వీలైనంత త్వరగా కోవూరు వెళ్లి అత్తయ్య చేత మళ్లీ పాడించి రికార్డు చెయ్యండి. వంట చేస్తూనో పూలు కడుతూనో తనకు తానుగా పాడుకునేటప్పుడు పట్టుకోండి. అడిగి పాడిస్తే సరిచేసుకుని పాడతారు.

పెన్నగట్టు:
ఆదివారం వెళ్తున్నాను మాస్టారూ. పొద్దున్నే, కల్లాపి చల్లే వేళకు అక్కడుంటాను.