విల్లిస్ వలయం నేర్పడానికి త్రీడీ మోడల్ చాలునా, బ్రెయిన్ చేత పట్టాల్సిందేనా?

జగదాంబ_మలుపు:
విశాఖలో ఫస్టియర్ ఎంబీబీఎస్ పిల్లలకి మెదడు రక్తనాళాలు, ముఖ్యంగా మెదడు అడుగున ధమనులు గుండ్రంగా కలిసే విల్లిస్ వలయం, నాలుగు క్లాసుల్లో చెప్పాలి. అందులో రెండు డిసెక్షన్ హాల్లో కాకుండా తిప్పి చూసే త్రీడీ మోడల్ మీద పెడదామంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫార్మలిన్_బకెట్:
వద్దు. ఏ మోడల్ తెరిచినా, వలయం ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమనులు రెండూ ఒకే లావు. పుస్తకం బొమ్మలాంటి నిండు వలయం సగం మందిలో కూడా ఉండదు. ఒకరిలో ఎడమ పక్కది దారప్పోగులా ఉంటుంది. ఇంకో మనిషిలో మెదడు వెనక భాగానికి వెళ్లే పోస్టీరియర్ సెరిబ్రల్ ధమనికి రక్తం మెడ ముందునుంచి వచ్చే ఇంటర్నల్ కెరోటిడ్ నుంచే వస్తుంది. అలాంటివాడికి కెరోటిడ్‌లోంచి గడ్డ కదిలితే చూపుకి ఆధారమైన ఆక్సిపిటల్ లోబ్ దెబ్బతిని చూపు పోవచ్చు. ముచ్చటైన బొమ్మ చూసిన పిల్లాడికి ఇది తడుతుందా?

మూడో_కోణం:
తప్పు చేసినవాడిది సార్, మోడల్‌ది కాదు. సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్‌లో ఒక్కో ముక్క మందం 0.625 మి.మీ. ఆ ధమని ఒక మిల్లీమీటరుంటే దాని వంతు రెండు వోక్సెల్స్, అంటే స్కాన్‌లోని రెండు బుల్లి గళ్లు. ఎంత తెల్లగా ఉన్నదాన్ని నాళంగా లెక్కించాలో చెప్పే త్రెషోల్డ్ 200 పెడితే మధ్యలో తెగుతుంది. 120కి దించితే సిరలు, పుర్రె అడుగున ఎముక అన్నీ అంటుకుపోతాయి, పుర్రె అడుగున కెవర్నస్ సైనస్ అనే సిరల గది దగ్గర కెరోటిడ్ ఎముకలో కలిసిపోతుంది. పైగా ఉపరితలం నునుపు చేసే లాప్లాసియన్ స్మూతింగ్ 30 సార్లు తిప్పితే సన్న నాళం ఇంకా చిక్కిపోతుంది. నాళాన్ని చిక్కనివ్వని టౌబిన్ స్మూతింగ్ వాడాలి, తెగినచోట ఒక్కో ముక్కా చూసుకుంటూ చేత్తో కలపాలి.

ఫార్మలిన్_బకెట్:
"చేత్తో కలపాలి." అదిగో, మీరే ఒప్పుకున్నారు. అంటే గీసినది.

మూడో_కోణం:
స్కాన్‌లో కనబడేదాని మీదే కలుపుతాం. ఊహించి గీయం.

ఫార్మలిన్_బకెట్:
ఎడమ పక్కది కూడానా?

రుషికొండ_గాలి:
ధమని సంగతేమో గానీ ఈ చర్చకే దారం తెగింది.

మూడో_కోణం:
మీ బకెట్లో బ్రెయిన్ మాత్రం నిజం చెబుతుందా? మెదడు మీది సన్నపొర అరాక్నాయిడ్‌ని ఫోర్సెప్స్‌తో ఒలిచేటప్పుడు లోపలికి దూరే సన్న ధమనులు, లెంటిక్యులోస్ట్రయేట్లు, దాంతోపాటే ఊడి వస్తాయి. పిల్లలకి మిగిలేవి అవి దూరే చోటు, యాంటీరియర్ పర్ఫొరేటెడ్ సబ్‌స్టెన్స్‌లో చిల్లులే. మెదడు పక్కన ఉండే లోతైన చీలిక సిల్వియన్ ఫిషర్ లోపలి మిడిల్ సెరిబ్రల్ ధమని కొమ్మలు చూడాలంటే దాన్ని మూతలా కప్పే ఆపర్‌క్యులమ్ చీల్చాలి, ఒకసారి చీల్చాక రెండో బ్యాచ్‌కి ఏం చూపిస్తారు? మోడల్లో టెంపొరల్ లోబ్ మీద నొక్కితే మాయం, మళ్లీ నొక్కితే హాజరు.

ఫార్మలిన్_బకెట్:
అది పుర్రెలోంచి బ్రెయిన్ తీయడం రానివాళ్ల పని. ఫ్రాంటల్ లోబులు మెల్లగా ఎత్తి, ఆప్టిక్ నాడులు, కెరోటిడ్‌లు ఎముకకి ఆనించి కోయాలి. చిన్నమెదడు మీద కప్పులా ఉండే టెంటోరియం పొరని పెట్రస్ ఎముక అంచు వెంబడి కోశాక, మెడ వెనకనుంచి వచ్చే వెర్టెబ్రల్ ధమనులు ఎంత కిందికి అందితే అంత కింద తెంచాలి. అది చేయకుండా లాగితే ఆ రెండూ కలిసి ఏర్పడే బేసిలార్ ధమని చిరుగుతుంది. తర్వాత బేసిలార్ కింద దారం వేసి, 10 శాతం ఫార్మలిన్‌లో బ్రెయిన్ అడుగు తాకకుండా తలకిందులుగా వేలాడదీసి రెండు మూడు వారాలు ఉంచాలి. అడుగున ఆనితే చపాతీ అవుతుంది. తప్పు చేసినవాడిదే, స్పెసిమెన్‌ది కాదు.

మూడో_కోణం:
పైన మోడల్ గురించి నేనన్నదీ ఈ మాటే కదా!

ఫస్టియర్_బెంచి:
సార్, పిన్ను చూసి పేరు చెప్పే స్పాటర్ పరీక్షలో పిన్ను గుచ్చేది బ్రెయిన్‌కే కదా? ఇంకోటి, ఉపరితలం పది లక్షల త్రిభుజాలతో అల్లిన మోడల్ ఫైలు మా ఫోన్లలో తెరుచుకోదు. తెరుచుకున్నా తిప్పగానే ముందేదో వెనకేదో పోల్చుకోలేం.

మూడో_కోణం:
రెండు లక్షలకి తగ్గించాలి తమ్ముడూ, నాళాలని విడిగా ఉంచి మెదడు ఉపరితలాన్నే ఎక్కువ తగ్గించాలి. మూలన దిక్కులు చూపే చిన్న పెట్టె బొమ్మ లేని మోడల్‌ని ముట్టుకోవద్దు.

ఫార్మలిన్_బకెట్:
త్రిభుజాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి. ఇవాళ రెండు క్లాసులు స్క్రీన్‌కి పోతే వచ్చే ఏడు నాలుగూ పోతాయి. ఆ తర్వాత బ్రెయిన్ చెక్కుచెదరకుండా తీయగల మనిషి డిపార్ట్‌మెంట్లో మిగలడు. పోస్టు ఖాళీ అయినా "మోడల్ ఉందిగా" అని నింపరు. నా గొడవ అదీ.

మూడో_కోణం:
ఇది ముందే చెప్పుంటే పోయేది కదా సార్! నా గొడవ కూడా వినండి. పాతిక మంది చుట్టూ ఒక బ్రెయిన్ పెడితే చేత పట్టేది ఇద్దరు. మిగతావాళ్లకి కనిపించేది ముందువాడి ఆప్రాన్. రాత్రి హాస్టల్లో వాళ్లు చూడ్డానికే మోడల్ అంటున్నా. మీ గంటల్లో ఒక్కటీ అడగట్లేదు.

జగదాంబ_మలుపు:
అయితే హాల్ గంటలు నాలుగూ అలాగే ఉంచి, ముందురోజు మోడల్ ఇంట్లో చూసి రమ్మంటే? వలయంలో తేడాలున్న స్కాన్‌లతో నాలుగు మోడల్స్ కావాలి. టేబుల్‌కి రెండు బ్రెయిన్లు కావాలి.

ఫార్మలిన్_బకెట్:
రెండో బ్రెయిన్ ఎక్కణ్ణుంచి తెస్తారో ముందు అది రాయండి.

మూడో_కోణం:
నాలుగు మోడల్స్‌కి నేను సిద్ధం. పేర్లు తీసేసిన స్కాన్‌లు, ఎథిక్స్ అనుమతి కాగితం ఇప్పించండి.

ఫార్మలిన్_బకెట్:
ఎడమ పక్క సంగతి ఇంకా చెప్పలేదు.