భుజం పట్టేసినవాళ్లకు వీడియో కాల్ ఫిజియోథెరపీ సరిపోతుందా?
కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి వారానికి మూడుసార్లు బస్సెక్కి రావడం షుగరున్న ఒక పెద్దామెకు కష్టంగా ఉంది. కుడి భుజం ఫ్రోజెన్ షోల్డర్. చెయ్యి ముందుకు 100 డిగ్రీలు లేస్తుంది. మోచేయి పక్కకు ఆనించి బయటికి తిప్పితే 20 దగ్గరే ఆగిపోతుంది. జడ వేసుకోలేరు.

పెండ్యులమ్ (ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి మెల్లగా ఊపడం), కర్ర పట్టి తిప్పడం, గోడ మీద వేళ్లు పాకించడం, ఒక్కోటి 10 సార్లు, రెండు పూటలా: ఇవి వీడియోలో చేయించొచ్చు. చిక్కంతా చెయ్యి లేపేటప్పుడే. భుజాన్ని చెవి వైపు ఎగదోసి, నడుము వెనక్కి వంచేస్తారు. ఫోన్ ఎదురుగా పెడితే నడుము వంపు కనబడదు. కీలు ఎక్కడ బిగుసుకుందో చేత్తో పట్టి చూడటం ఎలాగూ కుదరదు.

మొదటి రెండు వారాలు నేరుగా రప్పించి, ఆపైన వీడియోలో చేయించి, నెలకోసారి కొలతలకు రమ్మనడం ఎవరైనా చేస్తున్నారా? ఫోన్ ఎంత ఎత్తులో, ఏ పక్కన పెట్టిస్తున్నారు? రాత్రి నొప్పి పెరిగితే ముందు ఏది తగ్గిస్తారు? దయచేసి చెప్పండి.